ఇరవై రెండు ఉంగరాలు

ఆ బుధవారం పొద్దున శోభారాణి ఒకే ఇంటిని మూడుసార్లు ఊడ్చింది. మూడోసారి చీపురు పట్టుకునేసరికి భర్త దేవరాజ్ మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుని, "ఏమే, గచ్చు అరుగుతది. కిరాయి ఇల్లు ఇది, యాదుందా?" అన్నాడు. దేవరాజ్ ట్రాక్టర్ల మెకానిక్కు. మామూలు రోజైతే ఆమె ఆ మాటకు రెండు మాటలు వడ్డించేది. ఆ రోజు చీపురు మూలకు విసిరేసి, కిటికీలో పెట్టిన ఫోను తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. కొత్త సంవత్సరం వచ్చి వారమైనా వాకిట్లో క్రిస్మస్ నక్షత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. దాన్ని దించుదామని స్టూలు ఎక్కింది. దించకుండానే దిగింది.

ముందురోజు సాయంత్రం హైదరాబాద్ నుంచి రుచిత ఫోను చేసింది. రుచిత ఒక పరిశోధన సంస్థలో సర్వేలు చూసుకునే అమ్మాయి. సర్పంచ్ పదవి ఆడవాళ్లకు కేటాయించిన ఊళ్లలో ఆడవాళ్లు, మగవాళ్లు ఏం ఆలోచించి ఓటేస్తున్నారో తెలుసుకోవాలని ఆ సంస్థ నలభై ఊళ్లను ఎంచుకుంది. జహీరాబాద్ చుట్టుపక్కల నాలుగు ఊళ్లు శోభారాణికి వచ్చాయి. అందులో ఒకటి ఝరాసంగం దాటాక వచ్చే తుమ్మన్‌గడ్డ.

"శోభారాణి గారూ, తుమ్మన్‌గడ్డ నుంచి మీరు పంపిన చీటీల డబ్బా ఇవాళ తెరిచాం," అంది రుచిత. "ఇరవై నాలుగు చీటీల్లో ఇరవై రెండు ఉంగరం గుర్తుకే ఉన్నాయి."

"ఉంటే?"

"ఆ ఊళ్లో ఉంగరం గెలిచింది ఇరవై మూడు ఓట్లతో. మూడు వందల నలభై ఒకటి, మూడు వందల పద్దెనిమిది. ఊరు నడిమికి రెండుగా చీలింది. మీ డబ్బాలో చూస్తే కత్తెర గుర్తుకు ఓటేసినవాళ్లు దాదాపు లేనే లేరు."

"రెండున్నయి గదా."

"అన్నీ ఒకే పెన్నుతో కూడా ఉన్నాయి."

"పెన్ను నాదే గదా, బిడ్డా! వాళ్ల దగ్గర పెన్నులేడివి? నేనే చేతికిస్త. టిక్కు పెట్టి మల్ల నాకే ఇస్తరు."

అవతల కీబోర్డు మీద ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడే శోభారాణి చెవిలో ముల్లులా మిగిలిపోయింది. తర్వాత రుచిత మెల్లగా, "శుక్రవారం నేను జహీరాబాద్ వస్తున్నాను. ఈలోపు మీకేమైనా గుర్తొస్తే చెప్పండి. లేకపోతే సర్వే నడిపే ప్రొఫెసర్ గారు ఏం నిర్ణయిస్తారో అది నా చేతుల్లో ఉండదు," అని ఫోను పెట్టేసింది.

ఊరికి పోకుండా ఇంట్లో కూర్చుని నింపిన ఫారాన్ని ఈ పనిలో ఉన్నవాళ్లు దొంగ ఫారం అంటారు. ఒక్కసారి ఆ మచ్చ పడిందంటే ఇంకే సంస్థా పిలవదు. ఒకళ్లకు తెలిసింది పదిమందికి తెలుస్తుంది. ఫిబ్రవరిలో మొదలయ్యే పెద్ద సర్వేకు ఆమెను ఈ వైపంతటికీ సూపర్‌వైజర్‌ను చేస్తామన్నారు. అది పోతే పోయింది. పదిహేడేళ్లుగా ఎండలో, ముసురులో, కుక్కల మధ్య తిరిగి తెచ్చిన ప్రతి ఫారం మీదా ఇప్పుడు అనుమానం వాలుతుంది. దాన్నే ఆమె తట్టుకోలేకపోయింది. గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలు మళ్లీ తోమింది.

శోభారాణి ఈ పనిలోకి వచ్చిన తీరు కూడా ఒక కథే. న్యాల్‌కల్ వైపు పల్లెలో పుట్టి, పదో తరగతి పాసై, పెళ్లితో జహీరాబాద్ వచ్చింది. పెళ్లైన నాలుగో ఏడో ఐదో ఏడో, ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ఒకతను చేతిలో అట్ట పట్టుకుని ఇంటికి వచ్చాడు. ఓటర్ల జాబితాలో తనకు శోభారాణి పేరు వచ్చిందన్నాడు. దేవరాజ్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, అడిగిన ప్రతి ప్రశ్నకూ తనే జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. మీ ఆవిడకు రాజకీయాలంటే ఆసక్తి ఉందా అంటే, లేదు. ఓటు ఎవరు చెబితే వేస్తుంది అంటే, నేను చెబితే. లోపల పిండి కలుపుతున్న శోభారాణి ఆ చేతులతోనే బయటికి వచ్చి, "పేరు నాది గని జవాబు ఈయనదా? అయితే ఈయన పేరే రాసుకోన్రి!" అంది. వచ్చినాయన నవ్వాడు. ఫారం మధ్యలో కొట్టేసి, దేవరాజ్‌ను బయటికి పంపి, మొదటి నుంచి మళ్లీ అడిగాడు. పోతూ పోతూ, "అమ్మా, మాకు ఈ వైపు మనిషి కావాలి. చేస్తారా?" అన్నాడు.

అట్లా మొదలైంది. శిక్షణలో చెప్పింది కొంత, తనంతట తాను తిరిగి నేర్చుకున్నది ఎక్కువ. ఊరంతా అడగకుండా ఇరవై నాలుగు మందిని అడిగితే ఊరి మనసు ఎట్లా తెలుస్తుందని మొదట్లో ఆమెకే నమ్మకం ఉండేది కాదు. తర్వాత తనకు తాను ఒక మాట చెప్పుకుంది: కుండలో అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, కుండంతా తిని చూడం, అయితే పైమెతుకే పట్టుకుంటే మోసపోతాం. కాబట్టి మెతుకును మనం ఏరొద్దు. జాబితాలో ఒకటి నుంచి ముప్పైలోపు ఒక అంకెకు చీటీ తీయాలి. ఆ అంకె దగ్గర మొదలుపెట్టి ప్రతి ముప్పయ్యో పేరు గుర్తు పెట్టుకోవాలి. ఆ పేరు ఎవరిదైతే వాళ్లే కావాలి. ఇంట్లో లేకపోతే మూడుసార్లు పోవాలి, పక్కింటివాళ్లను అడగొద్దు. ప్రశ్నను కాగితం మీద ఉన్నట్టే చదవాలి. జవాబు విని తల ఆడించొద్దు, నొసలు ముడవొద్దు. చివరికి ఓటు సంగతి నోటితో అడగనే అడగొద్దు. గుర్తులున్న చీటీ చేతికిచ్చి, మొహం తిప్పుకోవాలి. వాళ్లు టిక్కు పెట్టి మడిచి, తాళం వేసిన రేకు డబ్బాలో వేస్తారు. తాళం చెవి ఆఫీసులో ఉంటుంది.

ఇన్నేళ్లూ ఆ నియమాల్ని కొంగున ముడి వేసుకున్న డబ్బులాగా కాపాడుకుంది. కొత్తగా వచ్చేవాళ్లకు పాఠం కూడా తనే చెప్పేది. మరి ఇరవై రెండు ఉంగరాలు ఎట్లా పడ్డాయి?

బుధవారమంతా ఆమె తుమ్మన్‌గడ్డలో గడిపిన రెండు రోజుల్ని తిరగేసి మరగేసి చూసుకుంది. ప్రతి ముప్పయ్యో పేరే తీసుకుంది. ఇరవై ఆరు పేర్లలో ఒకరు చనిపోయారు, ఒకరు చెరుకు కొట్టడానికి కర్ణాటక పోయారు. మిగిలిన ఇరవై నాలుగు మందినీ ముఖాముఖి అడిగింది. ఎక్కడా తప్పు కనిపించలేదు. అయినా ఎక్కడో ఏదో కదులుతోంది, దారం కొస దొరకని ఉండలాగా. సాయంత్రానికి ఇక ఆగలేక, "రేపు తుమ్మన్‌గడ్డ పోత," అంది.

"పోయి ఏం జేస్తవ్? ఎవరెవరు ఏసిన్రో లేచి నిలబడున్రి అంటవా?" అన్నాడు దేవరాజ్.

"ఏమో. కూసుంటే మాత్రం నాకు పానం నిలుస్తలేదు."

గురువారం పొద్దున చలి ఎముకల్ని కొరుకుతోంది. ఝరాసంగం పోయే ఆటో పదిమంది నిండేదాకా కదలనంటే కదలలేదు. తొమ్మిదో మనిషి ఎక్కాక పదో మనిషి కోసం డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. శోభారాణి రెండుసార్లు కిందికి దిగి రోడ్డు అటూ ఇటూ చూసింది. "అక్కా, నువ్వు దిగితే మల్ల ఎనిమిది మందే ఐతరు. ఎక్కి కూసో," అన్నాడు డ్రైవరు. ఆటోలో అందరూ నవ్వారు.

తుమ్మన్‌గడ్డ ఊరు మొదట్లోనే చెన్నబసప్ప ఇల్లు. ఎత్తు అరుగు, పచ్చరంగు గేటు. చెన్నబసప్ప కొత్త సర్పంచ్ భర్త. గెలిచింది ఆయన భార్య శరణమ్మ. అయినా ఊళ్లో సర్పంచ్‌సాబ్ అంటే ఆయనే. నిజమైన సర్పంచ్‌ను మాత్రం సర్పంచ్‌సాబ్ భార్య అంటారు. శోభారాణి ఈసారి ఆ ఇంటివైపు చూడకుండా చేను దారి పట్టింది. జాబితాలోని ఇరవై నాలుగు మందిలో బస్వమ్మ ఒక్కతే ఆ రోజు ఎక్కువ మాట్లాడింది. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది. ఆమె కంది చేను ఎక్కడో అప్పుడే చెప్పింది.

బస్వమ్మ చేనులో కోసిన కంది కట్టెను కుప్ప వేస్తోంది. శోభారాణిని చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మల్లొచ్చినవా? డబ్బా ఏది?"

"డబ్బా తేలేదవ్వా. ఊకనే వచ్చిన."

"ఇంత చలిల ఊకనే ఎవరొస్తరు యవ్వా? నీకు ఇంట్ల పొయ్యి లేదా?"

శోభారాణి చెప్పులు విడిచి కొంగు బిగించి కందికట్టె మోయడం మొదలుపెట్టింది. ఇది శిక్షణలో చెప్పింది కాదు. పనిలో ఉన్న మనిషిని నిలబెట్టి అడిగితే నిలబడ్డ జవాబే వస్తుంది, పనిలో కలిస్తే మనసులోది వస్తుందని ఆమె ఎప్పుడో కనిపెట్టుకుంది. మామూలుగా అయితే గంటసేపైనా ఓపిక పట్టేది. ఆ రోజు నాలుగు కట్టలు మోసేలోపు నాలుక చివరిదాకా నాలుగుసార్లు మాట వచ్చింది. నోరు కట్టుకుంది. చివరికి బస్వమ్మే అడిగింది.

"ఆ చీటీ ఆయనకు ముట్టిందా?"

"ఎవరికవ్వా?"

"ఇంకెవరికి? చెన్నబసప్పకు."

శోభారాణి మోస్తున్న కట్టను కింద పెట్టింది. "ఆయనకెందుకు ముడుతది? అది హైదరాబాద్ పోయింది. తాళం చెవి నా దగ్గర సుత లేకుండె."

బస్వమ్మ పళ్లులేని నోటితో నవ్వింది. "సదువొచ్చిన దానివి, జర తెలివి సుత తెచ్చుకుంటే బాగుండు. నువ్వు ఆ దినం పొద్దుగాల ఎవరింట్లకెల్లి ఎల్లినవ్? నీ ఎంబడి ఎవరున్నరు? పగటిపూట నువ్వు రొట్టె తింటుంటే డబ్బా ఎవరి అరుగు మీదున్నది? ఊరికి కండ్లు లేవనుకున్నవా?"

శోభారాణి దించిన కట్ట మీదే కూర్చుంది.

"పొద్దెక్కకముందే మా వాడకు కబురొచ్చింది," అంది బస్వమ్మ. "గెలిచినోళ్లు డబ్బా తిప్పుతున్నరు, ఎవడు ఎటు ఏసిండో దొరకబట్టనీకే పట్నం నుంచి మనిషిని పిలిపించిన్రు, అని. మాణిక్ అన్నదమ్ముల ఇండ్లల్ల తప్ప అందరం ఉంగరమే పెట్టినం. మాణిక్ పెండ్లామే ఓడింది, వాళ్లకు దాచేదేముంది?"

"నా ఎంబడి వచ్చిన చెన్నబసప్ప మరదలిని నేను గడప అవతల్నే నిలబెట్టిన గదా, అవ్వా! లోపలికి రానియ్యలే."

"గడప అవతల నిలబడితే నీడ ఇవతల పడదా, బిడ్డా?"

దారం కొస దొరికింది. ఆ మొదటి పొద్దు శోభారాణి కళ్లకు కట్టింది. మంచు కురుస్తున్న వేళ ఆటో దిగింది. చేతులు కొంకర్లు పోతున్నాయి. ఊళ్లో అడుగుపెట్టగానే పెద్దమనిషికి ఒక మాట చెప్పుకోవడం మర్యాద, లేకపోతే ‘ఎవరు నువ్వు, ఏ డిపార్ట్‌మెంట్’ అని నలుగురూ మూగుతారు. అందుకని చెన్నబసప్ప గేటు ముందు ఆగింది. ఒక్క మాట చెప్పి వెళ్లిపోదామనే ఆగింది. లోపలినుంచి శరణమ్మ పరుగున వచ్చింది. మూడేళ్ల క్రితం మహిళా సంఘాల శిక్షణలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లు. "అక్కా, నేను గెలిచిన!" అని శరణమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఆడమనిషి గెలిచిందన్న సంతోషం శోభారాణి గుండెలో నిజంగానే పొంగింది. చెన్నబసప్ప కుర్చీ వేయించాడు. "మా ఊరికొచ్చి మా ఇంటి చాయ్ తాగకుంట పోతే మాకు నామోషి గాదా?" అన్నాడు. ఇంటి నంబర్లు పాతవి, కొత్తవి కలిసిపోయి ఉన్నాయి, చూపిస్తుందని మరదలిని వెంట పంపాడు. ఒక పూటలో అయ్యే పనికి రెండు పూటలు పట్టవు కదా అని శోభారాణి సరే అంది. మధ్యాహ్నం రొట్టెకు కూడా వాళ్లే పిలిచారు.

గతంలోనూ ఊరి మనిషిని వెంట పెట్టుకుని తిరిగింది. మరుగుదొడ్ల సర్వేలో, రేషన్ సర్వేలో ఏమీ కాలేదు. కాని ఇరవై మూడు ఓట్లతో ఊరు రెండుగా చీలి మూడు వారాలు కాని చోట, గెలిచిన ఇంటి చాయ్ తాగి, గెలిచిన ఇంటి మనిషి వెనకాల, గెలిచిన ఇంటి అరుగు మీద పెట్టిన డబ్బాతో తిరగడమంటే ఏమిటో ఆమెకు ఆ రోజు తట్టలేదు. కొత్తవాళ్లకు తనే చెప్పేది: ఎవరింట్లనన్న నీళ్లు తాగున్రి గని అన్నం తినకున్రి, అని.

"పింఛను కాయితం మీద ఆయన సంతకం పడాలె," అంటోంది బస్వమ్మ. "ఇల్లు మంజూరైతే పేరు ఆయన రాయాలె. ఒక్క టిక్కు కోసం నేను పంచాయితీ పెట్టుకుంటనా? అసలు ఓటు అంటవా, ఆ దినం నేను..."

"చెప్పకవ్వా!" శోభారాణి ఆమె చెయ్యి పట్టుకుంది. "అది నీ దగ్గర్నే ఉండనియ్యి."

బస్వమ్మ ఆశ్చర్యంగా చూసింది. "ఓరి దేవుడా! అది అడగనీకే గదా అంత దూరం నుంచి వచ్చినవ్!"

"అప్పుడు చీటీ మీద అడిగిన. ఇప్పుడు నోటితోని అడగొద్దు. ఎవరు చెప్పినా నేను ఇనొద్దు."

"ఇదేం కొలువు తల్లీ! అడిగేటప్పుడు చెప్పనియ్యరు, చెప్పేటప్పుడు అడగరు," అని బస్వమ్మ నెత్తి కొట్టుకుంది. పోయేటప్పుడు ఒడిలో నాలుగు దోసిళ్ల పచ్చి కందికాయ పోయబోయింది. తీసుకోవాలా వద్దా అని శోభారాణి క్షణం తటపటాయించింది. సర్వే ఎట్లాగూ చెడింది కదా అని కొంగు పట్టింది.

తిరుగు ఆటోలో ఒక అంచున కూర్చుని సంచిలోంచి తన డైరీ తీసింది. ప్రతి ఇంటర్వ్యూ అయ్యాక అడిగినవాళ్లే జవాబు రాసుకోవాల్సిన ప్రశ్న ఒకటి ఉంటుంది: ‘మాట్లాడేటప్పుడు అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?’ ఫారంలోనూ, డైరీలోనూ ఇరవై నాలుగు చోట్ల ఆమె ‘లేరు’ అని రాసింది. అబద్ధమని అనుకోకుండానే రాసింది. గడప లోపల ఎవరూ లేరు గదా. ఇప్పుడు ఆ ఇరవై నాలుగు ‘లేరు’లూ వరసగా నిలబడి ఆమెనే చూస్తున్నాయి. డైరీ మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది. పక్కనున్న ముసలాయన, "ఏం బిడ్డా, దవాఖాన చీటీయా? ఎక్కువ ఫికర్ జేయకు," అన్నాడు.

ఆ సాయంత్రం కందికాయలు ఒలుస్తూ దేవరాజ్‌కు అంతా చెప్పింది. దేవరాజ్ గింజలు నోట్లో వేసుకుంటూ విన్నాడు.

"ఇందుల పరేషాన్ అయ్యేదేముంది?" అన్నాడు. "ఎన్నికలైనంక ఎవన్నడిగినా గెలిచినోనికే ఏసిన్నంటడు. మా షెడ్డుల అడుగు, ఓడిపోయినోనికి ఏసినోడు ఒక్కడు దొరకడు. లోకం తీరే అంత. ఆ పిల్లకు గదే చెప్పు. చాయ్ సంగతి, అరుగు సంగతి ఎందుకు తీస్తవ్?"

ఆ మాటలో తప్పు లేదు. శిక్షణలో ప్రొఫెసర్ గారే చెప్పారు, గెలుపు తర్వాత అడిగితే గెలిచినవాళ్ల లెక్క కొంచెం ఉబ్బుతుందని. రుచిత కూడా నమ్ముతుంది. సగం నిజం చేతిలో ఉంది. దాన్ని పట్టుకుంటే దొంగ ఫారం మచ్చ పోతుంది, సూపర్‌వైజర్ పని నిలుస్తుంది. శోభారాణి గింజలన్నీ ఒలిచేసింది. ఒట్టి తొక్కల్ని కూడా ఒకటొకటిగా మళ్లీ విప్పి చూసింది.

"కొంచెం ఉబ్బుడు వేరే," అంది చివరికి. "ఇది పూర్తిగ నా చేతులతోని ఉబ్బించిన. నేను చెప్పకపోతే ఆ ఇరవై రెండు పుస్తకంల ఎక్కుతయి. తుమ్మన్‌గడ్డల ఆడోళ్లందరు శరణమ్మకే ఏసిన్రు అని ఎవరో పెద్దసారు రాస్తడు. బస్వమ్మ అట్ల ఏయలే గదా."

"నీకెట్ల తెలుసు? చెప్పనియ్యలేదంటివి గదా!"

"ఉంగరం పెట్టినం అని చెప్పేటప్పుడు ఆమె మొఖం చూసిన."

"నువ్వు, నీ సర్వే!" అని దేవరాజ్ లేచిపోయాడు. రెండు నిమిషాలకు తిరిగి వచ్చి, "పొద్దుగాల బస్టాండ్ దాక బండి మీద దింపుతా తీ," అన్నాడు.

శుక్రవారం బస్టాండ్ దగ్గర చిన్న హోటల్లో రుచిత కలిసింది. ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని, శోభారాణి మొదలుపెట్టకముందే ఆమే మాట అందించింది. "శోభారాణి గారూ, నేను రాత్రి ఆలోచించాను. ఎన్నికలయ్యాక గెలిచినవైపు మొగ్గు ఉంటుంది కదా. అది కొంత, ఊళ్లో భయం కొంత అని రాస్తే..."

తప్పించుకునే తలుపు దానంతటదే తెరుచుకుంది. శోభారాణి లోపలికి పోలేదు.

"భయం ఎవరు పెట్టిన్రో సుత రాయాలె గదా, బిడ్డా," అంది. డైరీ తీసి బల్ల మీద పెట్టింది. పచ్చరంగు గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి చాయ్, మరదలు, రొట్టె, అరుగు, బస్వమ్మ నీడ మాట, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. గ్లాసు అటు జరిపింది, ఇటు జరిపింది. చివరికి డైరీలో మొదటి ‘లేరు’ కొట్టేసి పక్కన ‘ఉన్నారు’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. రెండోది, మూడోది. ఇరవై నాలుగూ అయ్యేదాకా రుచిత ఆపలేదు.

ఆ తర్వాత రుచిత బయటికి పోయి ప్రొఫెసర్ గారితో చాలాసేపు ఫోన్లో మాట్లాడింది. అద్దంలోంచి ఆమె తల ఊపడం, నడవడం కనిపిస్తున్నాయి, మాట వినిపించడం లేదు. శోభారాణి రెండుసార్లు లేచి, రెండుసార్లు కూర్చుంది. "ఇంకేమన్న తెమ్మంటవా అమ్మా?" అని హోటలాయన అడిగితే ఏం చెప్పిందో ఆమెకే తెలియదు, ఉప్మా వచ్చింది.

రుచిత వచ్చి కూర్చుంది. "ఆ ఊరి చీటీలు పక్కన పెట్టేస్తారు. వేరే పేర్లు తీసి మళ్లీ చేయాలి," అంది. ల్యాప్‌టాప్ మూసి, "సూపర్‌వైజర్ పని ఈసారికి సంగారెడ్డి గిరీశ్ గారికి ఇస్తున్నారు. సారీ, ఆంటీ," అంది. ఆంటీ అని పిలవడం అదే మొదలు.

శోభారాణి ఉప్మా పళ్లెం వైపు చూస్తూ, "అది పోనియ్యి. నా ఫారాలు దొంగయి అనలే గదా?" అంది.

"అనలేదు."

"అది రాసియ్యి."

రుచిత నోటుబుక్కులో కాగితం చించి రాసింది: ‘తుమ్మన్‌గడ్డలోని ఇరవై నాలుగు ఇంటర్వ్యూలు శోభారాణి స్వయంగా ఊరికి వెళ్లి చేశారు. ఓటు వివరాలకు అవి పనికిరావు.’ శోభారాణి రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది. రెండో వాక్యం తీసేయమని అడగలేదు.

"మళ్లీ మీరే వెళ్తారా?" అంది రుచిత.

"నేనొద్దు. ఆ ఊళ్లె నా మొఖం ఇప్పుడు ఉంగరం మొఖం. ప్రవీణను పంపు. న్యాల్‌కల్‌ల చేస్తున్నది, మంచి పిల్ల, ఆ ఊళ్లె ఎవరికీ తెల్వదు."

మరునాడు మధ్యాహ్నం ప్రవీణ వచ్చింది. రెండేళ్ల కింద శోభారాణి దగ్గరే పని నేర్చుకున్న మనిషి. కొత్త జాబితా, కొత్త పేర్లు, ఖాళీ డబ్బా తెచ్చుకుంది. "ఊరి నక్ష జర గీసియ్యక్కా, ఇండ్లు దొరకవంటున్నరు," అని అడిగింది. శోభారాణి ఉత్సాహంగా పాత క్యాలెండరు కాగితాన్ని వెనక్కి తిప్పి పరిచి పెన్సిలు పట్టింది. బడి, బోరింగు, మాణిక్ వాడ, బస్వమ్మ చేనుకు పోయే దారి, అన్నీ ఆమె చేతిలోంచి గబగబా దిగాయి. ప్రవీణ పక్కనుంచి చూస్తూ, "అక్కా, ఈ పెద్ద గేటు ఏంది? తొవ్వలన్ని ఈడికెల్లే పోతున్నయి?" అంది.

శోభారాణి చెయ్యి ఆగింది. ప్రవీణ చెప్పింది నిజమే. ఊళ్లో తను గీసిన ప్రతి దారీ చెన్నబసప్ప ఇంటి నుంచే బయలుదేరింది. ఆ ఊరు ఆమెకు అట్లాగే తెలుసు, ఇంకో వైపు నుంచి తెలియనే తెలియదు. ఒక గీత రబ్బరుతో చెరిపి మళ్లీ గీయబోయింది. అది కూడా తిరిగి ఆ గేటుకే చేరింది.

ఆమె క్యాలెండరు కాగితాన్ని నాలుగు ముక్కలుగా చించింది.

"నువ్వే తిరుగు," అంది. "దొరకకపోతే దొరకలేదని రాయి."

ప్రవీణ డబ్బా చంకలో పెట్టుకుని ఆటో స్టాండ్ వైపు నడిచింది. శోభారాణి సందు చివరిదాకా వెంట పోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగింది.